కాళ్లు కోసిన కుర్చీ

భూపాలపల్లి బస్సులో ఒకాయన కాళ్లు కోసిన ప్లాస్టిక్ కుర్చీని పక్క సీట్లో కూర్చోబెట్టుకొని వచ్చాడనీ, చివరికి దాన్ని బస్సులోనే వదిలేసి పోయాడనీ నేను చాలామందికి చెప్పి నవ్వించాను. నేను చెప్పింది సగమే.

ఆ రోజు నిలబడే ఓపిక లేక, "ఏందన్నా, కుర్చీకి గూడ టికెట్ తీసినవా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "చెరువుల చేపలు పడ్త సారు. థర్మాకోల్ తెప్ప మీద పొద్దంత కూసుంటె నడుం పట్కపోతది. గిది కట్టుకుంటె జర ఆనుకోవచ్చని కాళ్లు కోపిచ్చిన. మంచిగుంటదంటవా?"

నేను ఎన్నడూ తెప్ప ఎక్కలేదు. నాకు కావలసిందల్లా ఆ సీటు. "ఎనకకు ఆనుకుంటె తెప్ప బోల్తా కొడ్తదన్నా," అన్నాను.

ఆయన కాసేపు ఆ కుర్చీ వీపు నిమిరాడు. తర్వాత దాన్ని సీటు కిందికి తోసి, "కూసో సారు," అన్నాడు.

టేకుమట్లలో దిగడానికి నడుం పట్టుకొని మెల్లగా లేచాడు. మరిచిపోయాడేమోనని కుర్చీ అందించబోయాను.

"ఒద్దు సారు. నువ్వు చెప్పకుంటె మునిగిపోతుంటి. ఇంట్ల చిన్న పిల్లలున్నరు," అని నాకు దండం పెట్టాడు.

నేనూ తిరిగి దండం పెట్టాను.