మా అత్తయ్య డ్యూటీ

మా అత్తయ్యను ఆస్పత్రిలో అందరూ దుప్పట్లమ్మ అనేవాళ్ళు. నాలుగంతస్తుల ఆస్పత్రి అడుగున నేలమాళిగలో లాండ్రీ ఉండేది. ఉతికి పిండిన దుప్పట్లు అక్కడ ఒక పెద్ద వేడి రోలర్ కిందికి పోయి, అవతలి వైపు ఆరిపోయి, ఇస్త్రీ అయి వచ్చేవి. ఇవతల నిలబడి అంచులు సరిచేసి దుప్పటిని లోపలికి అందించడం అత్తయ్య పని. పంతొమ్మిదేళ్ళు అందించింది. దుప్పటి మూలన కుట్టిన దారం రంగు చూసి అది ఏ వార్డుదో చెప్పేది. దారం ఊడిపోతే మరక చూసి చెప్పేది.

ఇంగ్లిషు రాదు. అయినా పనికి ఇంగ్లిషులో ఉన్న మాటల విషయంలో మాత్రం మహా పట్టింపు. పక్కింటావిడ ఒకసారి, "మీకింకా జాబ్ ఉందా వదినా?" అని అడిగితే, "జాబ్ మా వాడిది. ఎండ తగలదు, ఫ్యాన్ కింద కూర్చుంటాడు. నాది డ్యూటీ" అంది. వాడంటే మా ఆయన. కరెంటాఫీసులో గుమాస్తా.

నేను ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. మాటకీ మాటకీ మధ్య తేడా పట్టుకుంటేనే నాకు తిండి. అలాంటిదాన్ని నేనే ఒకసారి పప్పులో కాలేశాను. మా పెద్దమ్మాయిని బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో అందరి వృత్తీ రాయమన్నారు. అత్తయ్య పేరు ఎదురుగా 'లేబర్' అని రాశాను.

"ఏం రాశావు నాకు?" అంది, కూరగాయలు తరుగుతూ.

చెప్పాను.

"కూలీ అనా?"

"కష్టం చేసేవాళ్ళు అని అత్తయ్యా."

"కూలి అంటే ఇవాళ పిలిస్తే వెళ్ళి, రేపు పిలవకపోతే ఇంట్లో కూర్చోవడం. తప్పేం కాదు, మా అమ్మ జీవితమంతా చేసింది. నన్ను మాత్రం ఎవరూ పిలవక్కర్లేదమ్మాయ్. నేనే వెళ్తాను. కొట్టెయ్ అది."

కొట్టేసి 'హాస్పిటల్ సర్వీస్' అని రాశాను. చదివి వినిపిస్తే, "ఆఁ, అదీ!" అని మళ్ళీ కత్తిపీట మీదికి వంగింది.

ఆ మరుసటి ఏడు ఆస్పత్రి వాళ్ళు లాండ్రీని ఒక కంట్రాక్టరుకి అప్పగించారు. ఒకరోజు సూపర్‌వైజరు అందరినీ నిలబెట్టి కాగితాలు పంచాడు. మొత్తం ఇంగ్లిషే. "ఏం లేదు, చోటు అదే, మిషను అదే, మనుషులూ మనమే. సంతకాలు పెట్టండి" అన్నాడు. అత్తయ్య తెలుగులో ముచ్చటగా సంతకం పెట్టి వచ్చింది. ఆ కాగితం ఇంటికి తెస్తే నేను చదివేదాన్నే. వాళ్ళు ఇవ్వలేదు, ఈవిడ అడగలేదు.

తర్వాత రెండేళ్ళకి ప్రమాదం జరిగింది. ఎవరో దుప్పటి కొసను ముడివేసి వదిలేశారట. దాన్ని విప్పబోతుంటే రోలర్ లాక్కుంది. కుడిచెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. అవతల నిలబడ్డామె ఎర్ర బటన్ నొక్కబట్టి చెయ్యి దక్కింది. అదే ఆస్పత్రిలో మూడో అంతస్తులో పడుకోబెట్టారు. నేను ఏడుస్తూ పరిగెత్తుకెళ్ళేసరికి అత్తయ్య మత్తులో ఉండి కూడా తన మంచం మీది దుప్పటి చూపించి, "ఇది పిల్లల వార్డు దుప్పటి. ఇక్కడెందుకేశారు?" అంది.

చర్మం అతికింది. చివరి రెండు వేళ్ళు మాత్రం వంగవని డాక్టరు చెప్పేశారు. రెండున్నర నెలలయ్యాక అత్తయ్య యూనిఫాం చీర కట్టుకుని, రోలర్ దగ్గర కాకపోయినా మడతల దగ్గరైనా నిలబడతానని వెళ్ళింది. గంటలో తిరిగొచ్చింది. చేతిలో ఉత్తరం ఉంది.

నేను రెండుసార్లు చదివాను. దాని సారాంశం ఇది: అత్తయ్య వాళ్ళ దగ్గర 'ఎంప్లాయ్‌మెంట్'లో ఎన్నడూ లేదు. అవసరమైనప్పుడు 'వర్క్' కోసం పిలిపించుకున్నారంతే. కాబట్టి వేరే పోస్టు ఇచ్చే ప్రశ్నే లేదు.

"రెండూ పనేగా?" అంది అత్తయ్య.

"వర్క్ అంటే మీరు చేసేది అత్తయ్యా. ఎంప్లాయ్‌మెంట్ అంటే ఒకరు మిమ్మల్ని పనిలో పెట్టుకోవడం. పని చేసింది మీరేనని ఒప్పుకుంటున్నారు. పెట్టుకున్నది మాత్రం మేం కాదంటున్నారు."

"మరి నేను దారిన పోతూ పోతూ లోపలికొచ్చి దుప్పట్లు లాగానా?"

ఆ సాయంత్రం ఆవిడ అన్నం సరిగా తినలేదు. చెయ్యి కాలినప్పుడు కూడా అంత ముఖం వేలాడేసుకోలేదు. మా ఆయన, "పోనీలేమ్మా, ఇంక రెస్టు తీసుకో" అన్నాడు. అత్తయ్య కొడుకు వైపు చూసిన చూపుకి అతను మంచినీళ్ళ నెపంతో లేచి వెళ్ళిపోయాడు.

కార్మిక అధికారికి అర్జీ నేనే రాశాను. నెల తర్వాత పిలిచారు. ఇరుకు గది, బీరువాల మీద కప్పు దాకా ఫైళ్ళు. అధికారి నడివయసు ఆవిడ. కంట్రాక్టరు తరఫున టై కట్టుకుని ఒకతను వచ్చాడు. "ఇది జాబ్ వర్క్ మేడమ్. ఇన్ని దుప్పట్లని లెక్క. చేస్తే చేస్తారు, లేకపోతే లేదు. మాకు సంబంధం ఉండదు" అని ఇంగ్లిషులో గడగడా చెప్పాడు. ఆవిడ అత్తయ్య వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"మీరు అక్కడ ఏం చేసేవాళ్ళమ్మా?"

"డ్యూటీ చేసేదాన్నండి."

టై అతను నవ్వాడు. "వీళ్ళు దేన్నైనా డ్యూటీ అనే అంటారు మేడమ్."

అధికారి నవ్వలేదు. "డ్యూటీ అంటే మీ ఉద్దేశంలో ఏమిటి?"

అత్తయ్య కాస్త ఆలోచించింది. "నేను ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేదాన్నండి, ఈ చెయ్యి బాగున్నప్పుడు. అది పని. ఇవాళ ఒంట్లో బాగాలేదు, ఎల్లుండి ఇస్తానంటే పక్కింటావిడ సరే అనేది. మహా అయితే మూతి ముడుచుకునేది. డ్యూటీ అట్లా కాదు. ఆరింటికంటే ఆరింటికే. రాకపోతే ముందు రోజే చీటీ రాసివ్వాలి. వాళ్ళు ఊఁ అంటేనే మానాలి. మానేసే హక్కు నా చేతిలో లేనిది డ్యూటీ."

అధికారి పెన్ను తీసి రాసుకుంది. "మీరు ఇచ్చిన చీటీలు గానీ, వాళ్ళు మీకిచ్చిన కాగితాలు గానీ ఏమైనా ఉన్నాయా?"

అత్తయ్య నా వైపు చూసి తల దించుకుంది. "లేవండి" అంది.

పదిహేను రోజుల గడువిచ్చారు. ఇంటికొచ్చాక, నేను వంటింట్లో ఉంటే అత్తయ్య వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఒక కాగితం ఉందే."

"మరి అక్కడ లేవన్నారే?"

"నీ ముందు చెప్పడానికి సిగ్గేసింది."

తన పెట్టెలో చీరల అడుగున పరిచిన పాత పేపరు కిందనుంచి ఒక కవరు తీసింది. కంట్రాక్టరు కంపెనీ ముద్ర, సూపర్‌వైజరు సంతకం. 'అనుమతి లేకుండా డ్యూటీకి గైర్హాజరు అయినందుకు హెచ్చరిక. మళ్ళీ జరిగితే తొలగిస్తాం.' తేదీ చూశాను. మా చిన్నవాడు పుట్టిన రోజు.

ఆ రోజు నాకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. మా ఆయన ఊళ్ళో లేడు. అత్తయ్యే ఆటో పిలిచి, నన్ను తన ఆస్పత్రికే తీసుకెళ్ళి, సాయంత్రం దాకా కాన్పు గది బయట నిలబడింది. "సెలవు పెట్టాను, నువ్వేం కంగారు పడకు" అంది నాతో. నేను నమ్మాను. కింద లాండ్రీకి ఒక్కసారి వెళ్ళి చెప్పొచ్చిందని కూడా అనుకున్నాను.

"చెప్పడానికి వెళ్తే నువ్వు పిలుస్తావేమోనని కదల్లేదు" అంది. "పంతొమ్మిదేళ్ళలో నాకు మెమో రాలేదే. అదొక్కటే."

స్టౌ మీద పాలు పొంగిపోయాయి. ఆవిడే వచ్చి కట్టేసి, "ఇది పనికొస్తుందా, నా పరువు తీస్తుందా, చెప్పు" అంది.

"పనికొస్తుంది అత్తయ్యా. మీరు వాళ్ళ ఎంప్లాయ్‌మెంట్‌లో లేకపోతే, రాలేదని మిమ్మల్ని అడగడానికి వాళ్ళెవరు? తొలగిస్తాం అనడానికి ముందు పెట్టుకుని ఉండాలిగా?"

రెండోసారి వెళ్ళినప్పుడు అధికారి ఆ కాగితాన్ని పైకే చదివి, టై అతని ముందుకు జరిపింది. "పిలిచినప్పుడే వచ్చే మనిషికి గైర్హాజరు ఎక్కడిదండీ?" అంది. అతను ఆ సంతకం చెల్లదన్నాడు, సూపర్‌వైజరుకి ఆ అధికారం లేదన్నాడు. అదే సూపర్‌వైజరు సంతకంతో వచ్చిన డ్యూటీ చార్టులు రెండేళ్ళవి తెమ్మంది ఆవిడ. తేవడానికి మూడు వాయిదాలు పట్టింది. అన్నిటిలోనూ అత్తయ్య పేరుంది.

అర్జీ పెట్టిన ఏడో నెలలో ఉత్తర్వు వచ్చింది. అత్తయ్య వాళ్ళ ఉద్యోగే, చేతికి తగిన పని ఇవ్వాలి అని. దుప్పట్ల స్టోరులో వేశారు. వార్డుల వాళ్ళకి దుప్పట్లు ఇవ్వడం, తీసుకోవడం. మొదటి వారమంతా ఇంటికొచ్చి గొణిగింది. కుర్చీలో కూర్చుంటే నడుం పట్టేస్తోందట, గోడలు చూస్తూ పిచ్చెక్కుతోందట. తర్వాత అరలన్నీ తన పద్ధతిలో మార్చేసి, నర్సులతో తగువులాడి, కుదుటపడింది. ఎడమచేత్తో రిజిస్టరు రాయడం నేర్చుకుంది. ఆ రాత మొదట్లో కోడి గీరినట్టుండేది. రోలర్‌లోకి చెయ్యి పోకుండా అడ్డంగా ఇనప కడ్డీ బిగించారు. అదే మొదట బిగించి ఉంటే ఈ కథంతా లేదు.

లాండ్రీలో అలాంటి ఉత్తరమే అందుకున్న వాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. ఇద్దరి దగ్గర మెమోలో చీటీలో దొరికాయి. అర్జీలు నేనే రాశాను, పని దొరికింది. మూడో ఆమె చేరి అయిదు నెలలే. ఆమె దగ్గర చిత్తుకాగితం కూడా లేదు. ఆమె తరఫున సాక్ష్యం చెప్పడానికి అత్తయ్య వెళ్ళింది. వెళ్ళొద్దని సూపర్‌వైజరు మెత్తగానే చెప్పాడట. ముందు రోజే సెలవు చీటీ రాసిచ్చి, దానిమీద అతని చేతే సంతకం పెట్టించుకుని మరీ వెళ్ళింది. ఆమెది ఇంకా తేలలేదు. వచ్చే నెల వాయిదా ఉంది.