లావు నూలు పువ్వు

ఈ సాయంత్రం మా పక్కింటి నాంచారయ్య మావయ్యగారు నా పాఠాన్ని ఒక్క మాటతో తీసిపారేశారు. ఆయన పెడనలో నలభై ఏళ్లుగా మగ్గం నేస్తున్నారు. నేను రోజూ బందరు వెళ్లి కాలేజీలో బాటనీ చెబుతాను.

ఒకే తల్లిమొక్క నుంచి ల్యాబులో తీసిన రెండు ఆర్కిడ్లను మా వరండాలో పెంచుతున్నాను. ఈ రోజు రెండూ పూశాయి. ఒకదాని పువ్వు రెండోదానికి దాదాపు రెట్టింపు ఉంది. ఎందుకలా అని మావయ్యగారు అడిగారు. పెద్దదానిలో క్రోమోజోములు రెట్టింపయి ఉండవచ్చని, అవి మొక్క రూపాన్ని దిద్దే అచ్చుల్లాంటివని గొప్పగా వివరించాను.

"ఒకే అచ్చు రెండుసార్లు అద్దితే రంగు ముదురుద్ది గానీ, పువ్వు పెద్దదవుద్దేంటమ్మా?" అన్నారు.

చెక్క అచ్చులతో కలంకారీ అద్దే ఊళ్లో అచ్చుల పోలిక తేవడం నాదే పొరపాటు. ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ ఈ ప్రశ్న వేయలేదు. కాస్త తడబడి, క్రోమోజోములు ఎక్కువైతే ఒక్కొక్క కణమూ పెద్దదవుతుందని చెప్పాను.

ఆయన రెండు పువ్వుల రేకులనూ, బట్ట చూసినట్టే, వేళ్ల మధ్య పట్టి చూశారు.

"అలా చెప్పు మరి. పోగులు అన్నే, నూలు లావు. అందుకే ఈ రేకు దళసరిగా ఉంది."

నేనూ పట్టి చూశాను. నిజమే.

కణాలు పెద్దవయ్యాయా, లేక ఎక్కువయ్యాయా అన్నది రేపు మైక్రోస్కోపు తేలుస్తుంది. ఈలోగా బాటనీ చదివినవాళ్లు చెప్పండి, మీరెప్పుడైనా రేకు పట్టుకుని చూశారా? నేను పన్నెండేళ్లుగా బోర్డు మీద బొమ్మ గీస్తున్నాను.