ఒక్క కాటు బర్గర్, ఏళ్ళకేళ్ళ మౌనం

భోజనానికి పిలిచి చెయ్యి కడిగించి పంపినవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. భోజనానికి పిలిచి, వచ్చిన పెద్దమనిషి నోటికి ఏళ్ళ తరబడి తాళం వేసినవాడిని మాత్రం చూసి ఉండరు. చూడండి, నేనే. ఈ కథలో ఒక మటన్ బర్గర్ దిక్కులేకుండా పోతుంది. గుండె దిటవు చేసుకుని చదవండి.

అవి తెలంగాణ ఉద్యమం మంచి కాక మీదున్న రోజులు. మా మానుకోటలో, అంటే రైల్వే బోర్డు మీద మహబూబాబాద్‌లో, ఇవాళ బందైతే రేపు రోడ్డు మీద వంటా వార్పు. మా బాపు మిరపకాయల వ్యాపారి. రోడ్డు మీద ఉడికే పప్పుచారుకు ఎండుమిర్చి ఆయన కొట్టు నుంచే వెళ్ళేది. అందుకని ఉద్యమంలో ఆయన మాటకు కాస్త ఘాటు ఎక్కువ.

సరిగ్గా అప్పుడే మా సుజాతక్కకు డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం చేసే ప్రసాద్ నచ్చాడు. కుర్రాడు బంగారం. చిక్కల్లా ఒకటే, వాళ్ళది గుడివాడ దగ్గర పల్లె. సినిమాల్లో మన యాసను పట్టుకుని ఇన్నాళ్ళూ ఎవరు నవ్వారో, ఆ లెక్కంతా ప్రసాద్ తండ్రి దగ్గరే తేల్చుకోవాలని బాపు కాచుకుని ఉన్నాడు.

"ఇంటికి పిలుసుడు తర్వాత. ముందుగాల మనిషిని చూడాలె. ఒక్క మాట తేడా వచ్చినా లేచొస్త" అన్నాడు.

మరి ఎక్కడ చూడాలి? మా ఇంట్లో అయితే మా కారానికి వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. వాళ్ళింట్లో అయితే పులుసులో బెల్లం తగిలిందని బాపు విస్తరి ముందు నుంచి లేస్తాడు. అప్పుడు నా బుర్రలో బల్బు వెలిగింది. స్టేషన్ రోడ్డులో రహీం భాయ్ బర్గర్ హోటల్! దుబాయ్‌లో పెద్ద హోటల్లో వంట చేసి వచ్చి, ఏసీ పెట్టి మరీ తెరిచాడు. బర్గర్ మనదీ కాదు, వాళ్ళదీ కాదు. దాన్ని చూసి ఎవరూ అలగలేరు.

"తమ్మీ, గీ సంబంధం గిన చెడిందనుకో, నీ బొక్కలిరుగుతయ్" అని అక్క ఆశీర్వదించింది.

ఆదివారం అనుకున్నాం. శనివారం సాయంత్రం మైకులో చాటారు, ఆదివారం బందు. బుద్ధున్నవాడు వాయిదా వేస్తాడు. నేను రహీం భాయ్ దగ్గరికి పరిగెత్తాను.

"షట్టర్ దించి తింటం భాయ్. ఎవలకు తెలుస్తది?"

"అరే శీనూ, దొరికితే నా హోటల్‌కు జనాజా లేస్తది!"

"నేనున్న గద భాయ్."

నేనున్నానన్న ధైర్యంతో ఒప్పుకున్నాడు, పాపం. శుభకార్యం వాయిదా వేస్తే అశుభమని బాపునూ నేనే నమ్మించాను.

రైలు దిగారు ప్రసాద్, ఆయన తండ్రి సుబ్బారావు గారు. ఆయన బీమా ఏజెంటు. స్టేషన్ నుంచి హోటల్‌కు వచ్చేలోపు నాకు నా ఆయుష్షు మీద అనుమానం పుట్టించారు. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగరు. కూర్చోగానే బాపుతో మొదలుపెట్టారు.

"మీ ఊరు భలే ఉందండీ బావగారూ! ఎండేనండీ కాస్త... మావైపైతే కాలవలండీ, కొబ్బరి చెట్లండీ..."

బాపు మీసం కదిలింది. అది మంచి శకునం కాదు. టేబుల్ కింద అక్క నా కాలు తొక్కింది.

ఆ గండం గడిచేలోపే బర్గర్లు వచ్చాయి. ఒక్కొక్కటీ జానెడు ఎత్తు, నడినెత్తిన పుల్ల గుచ్చి. బాపు దాన్ని చుట్టూ తిప్పి చూశాడు.

"ఏందిరా గిది? పావురొట్టెల నడుమ షామీ కబాబు పెట్టి, లేచి పోకుండ మేకు కొట్టిన్రా?"

"నోట్లో పట్టుద్దేమిటండీ ఇదీ?" అంటూ సుబ్బారావు గారు శక్తి కొద్దీ తెరిచి ఒక్క కాటు వేశారు. కళ్ళు మూసుకున్నారు. "ఆహా" అనబోయారు.

అంతలో షట్టర్ దడదడలాడింది. పైకి లేచింది. ఎదురుగా జెండాలు, జనం, వాళ్ళ ముందు ఎల్లన్న. మా బందులన్నిటికీ పెద్ద. తెలంగాణ వచ్చేదాకా గడ్డం తియ్యనని ఒట్టు పెట్టుకున్నాడు, గడ్డం అప్పటికే బొడ్డు దాకా దిగింది.

"బందు నాడు దావతా? గిదేంది కాకా, మిర్చిలిచ్చే నువ్వే గిట్ల చేస్తే ఎట్ల?"

బాపు తల వంచుకున్నాడు. మా బాపు తల వంచడం నేనెప్పుడూ చూడలేదు. ఎల్లన్న చూపు సుబ్బారావు గారి మీద ఆగింది.

"గీ పెద్దమనిషెవలు? ఏ ఊరు సార్ మీది?"

ఆయన బుగ్గ నిండా బర్గర్. మింగి జవాబు చెప్పడానికి సిద్ధమవుతున్నారు. ఆ నోట్లోంచి ఒక్క 'అండీ' ఊడిపడితే సంబంధం, బాపు పరువు, రహీం భాయ్ అద్దాలు అన్నీ గంగలో కలుస్తాయి. ఆలోచించి మాట్లాడమంటారు పెద్దలు. నాకు ఆ రెండూ ఒకేసారి రావు.

"ఆయన మాట్లాడడన్నా! డోర్నకల్ ఆయన. తెలంగాణ వచ్చేదాంక మౌనవ్రతం!"

సుబ్బారావు గారి దవడ ఆగిపోయింది. ఎల్లన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను గడ్డమే ఆపిన. గీయన నోరే కట్టేసుకున్నడు! జై తెలంగాణ!"

మరుక్షణం సుబ్బారావు గారు జనం భుజాల మీద ఉన్నారు. బర్గర్ టేబుల్ మీద ఉంది. ఆయన చెయ్యి దాని వైపు చాచే ఉంది, అది దీవెన అనుకుని జనం దణ్ణం పెట్టారు.

చౌరస్తాలో ఉద్యమ దీక్షల టెంటులో దండ వేసి కూర్చోబెట్టారు. మాకు శిక్షగా ఆయన పక్కనే కూర్చోమన్నారు. బాపు కాసేపు పళ్ళు నూరాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

"పెండ్లి మానుకోటలనే చెయ్యాలె, బావా."

చుట్టూ జనం. సుబ్బారావు గారు తలూపారు.

"వంట మాదే. కారం తగ్గియ్య."

తలూపారు.

"మా భాషను ఎక్కిరిస్తే ఊకోను."

గట్టిగా తలూపారు.

సాయంత్రానికి బాపు ముఖం వెలిగిపోయింది. "మంచోడురా! చెప్పిందంత ఇన్నడు. ఒక్క మాట ఎదురు చెప్పలే" అన్నాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా అక్క విషయంలో అది పూర్తి లగ్నపత్రిక.

పెళ్ళికి ఊరంతా వచ్చింది. వియ్యంకుడికి అలగడానికైనా నోరు లేకపోయింది. మిగతా చుట్టాల యాస విని ఎవరైనా నొసలు ముడిస్తే, "డోర్నకల్ జంక్షన్ గద, అన్ని దిక్కుల రైళ్ళు ఆగుతయ్" అని సర్దేవాడిని. ఆ తర్వాత ఆయన మా ఇంటికి ఎప్పుడొచ్చినా స్టేషన్లో నోరు మూసేవారు, మా తలుపు మూశాక తెరిచేవారు. ఆపుకున్నదంతా నా చెవిలోనే పోసేవారు.

చివరికి రాష్ట్రం వచ్చింది! ఊరంతా గులాల్. ఎల్లన్న గడ్డం తీయించుకుని, డప్పులతో మా ఇంటికొచ్చాడు. మనవణ్ణి చూడడానికి వచ్చి ఉన్న సుబ్బారావు గారిని ఎత్తుకెళ్ళి చౌరస్తాలో మైకు ముందు నిలబెట్టారు.

"మన కోసం నోరు కట్టుకున్న మహానుభావుడు! మొదటి మాట మనకే!"

జనం ఊపిరి బిగబట్టారు. నేను పారిపోవడానికి సందు వెతుక్కున్నాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఏవండీ... ఆ వేళ బర్గరు ఒక్క కాటేనండీ తిన్నది! రెండోది ఈ శీను పడనిచ్చాడు కాదండీ బాబూ!"

డప్పులు ఆగిపోయాయి. ఎల్లన్న నున్నటి గడ్డం తడుముకున్నాడు.

"అంటే... మన మౌనవ్రతమాయన..."

బాపు లేచాడు. "ఆంధ్రాయననే. నా వియ్యంకుడు. మన యాస మీద ఒక్కనాడు నవ్వలే. ఎవలకన్న తక్లీఫ్ ఉంటే నాతోని మాట్లాడున్రి."

ఎల్లన్న బాపును చూశాడు, సుబ్బారావు గారిని చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఊరంతా నవ్వింది. రహీం భాయ్ పరుగున వేడి బర్గర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "మాట్లాడు సార్, నీ ఇష్టం!" అని ఎల్లన్న మైకు అప్పగించాడు.

అప్పగించకుండా ఉండాల్సింది. బర్గర్ అయిపోయింది, పొద్దు గుంకింది, సుబ్బారావు గారు ఇంకా బోనస్ పాలసీ దగ్గరే ఉన్నారు. ఎల్లన్న నా పక్కకు జరిగి, చెవిలో దీనంగా అడిగాడు.

"తమ్మీ, ఇంకో రాష్ట్రం ఏదన్న అడుగుదమా?"

కాబట్టి పాఠక మహాశయులారా, రహీం భాయ్ పెనం మీద చెయ్యి పెట్టి, అది చల్లగా ఉన్నప్పుడే అనుకోండి, చెబుతున్నాను. ఇకపై ఎవరి నోటికీ వాళ్ళనడగకుండా వ్రతం పట్టించను. వాళ్ళు బీమా ఏజెంట్లయితే మాత్రం, కాస్త ఆలోచిస్తాను.