కుడిపక్క కుర్చీ

సోఫాల మేస్త్రి నోట్లో నువ్వుగింజ నానదని ఆయన భార్యే అందరికీ చెప్పేది. పని చేసేటప్పుడు చిన్న మేకులు పెదాల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటే తీసి గుడ్డ అంచున కొట్టడం ఆయనకు అలవాటు. "ఆ మేకులు నోట్లో ఉన్నంతసేపే మా ఇంటి గుట్టు భద్రం" అని ఆవిడ నవ్వేది. మేస్త్రి కూడా నవ్వేవాడు, పెదాలు కదలకుండా.

ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేదు. ఎవరికి కష్టమొచ్చినా ముందు ఆయన కళ్ళే తడిసేవి. వారానికోసారి సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో జరిగే కూడికలో, గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చుని, ఒక్కొక్కరూ తమ కుడిపక్కవాళ్ళ కోసం పైకి ప్రార్థన చేయాలి. ఆ సంఘంలో అదే పద్ధతి. మేస్త్రికి కుడిపక్క ఎప్పుడూ ఇస్త్రీ అన్న. పాటలెత్తేది ఆయనే. పొడుగ్గా, బక్కపల్చగా ఉంటాడు గానీ గొంతు మాత్రం గది గోడల్ని తోసేది. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చున్నా, వాళ్ళిద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలిసింది ప్రార్థనలో వినపడినంతే: మోకాలి నొప్పి, పిల్ల పరీక్షలు, కొట్టు అద్దె.

అన్న భార్య పోయాక అది మారింది. ఓ సాయంత్రం మేస్త్రి పలకరించిపోదామని ఇస్త్రీ కొట్టుకు వెళ్తే, అన్న పెద్ద దుప్పటి అంచును గడ్డం కింద నొక్కిపెట్టి ఒక్కడే మడత పెడుతున్నాడు. దుప్పటి మడతకు ఇద్దరు కావాలి. ఇన్నాళ్ళూ రెండో కొస ఆవిడ పట్టుకునేది. మేస్త్రి ఏమీ అడక్కుండా వెళ్ళి ఆ కొస అందుకున్నాడు. ఆ రోజు నుంచి పని అయిపోగానే కాళ్ళు అటే లాక్కెళ్ళేవి.

అలా ఓ రోజు కొసలు కలపడానికి ఎదురెదురుగా నడిచి వచ్చినప్పుడు, అన్న చేతులు ఆపేశాడు.

"తమ్ముడూ, ఆవిడ పోయిందగ్గర్నుంచి ప్రార్థన చేస్తుంటే అవతల ఎవరూ వింటున్నట్టు లేదురా. ఖాళీ గదిలో మాట్లాడుకుంటున్నట్టుంది."

"మరి పాటలు?"

"పాట వస్తోంది. అదొక్కటే వస్తోంది. ఎవరితో అనకు."

"నా గొంతు కోసినా అనను అన్నా."

అనలేదు కూడా. భార్యతో అనలేదు. ఆ వారం మేకులు నోట్లో లేకపోయినా మూగవాడిలా తిరిగాడు. ఇంట్లో వాళ్ళు జ్వరమేమోనని నుదురు పట్టి చూశారు.

కూడికలో ఆయన వంతు వచ్చింది. కళ్ళు మూసుకున్నాడు. కుడిపక్క నుంచి గంజి వాసన, కాలిన నూలు వాసన. అంతే, గుండెలో ఉన్నదంతా కట్ట తెగినట్టు వచ్చేసింది. "తండ్రీ, మా అన్నకు నువ్వు వింటున్నావన్న నమ్మకం పోయింది. ఖాళీ గదిలా ఉందంటున్నాడు. అలవాటు మీద పాడుతున్నాడు తండ్రీ, ఆ నమ్మకం మళ్ళీ ఇయ్యి..." మొదట్లో ప్రతి మాటకీ "స్తోత్రం" అంటున్న ఆడవాళ్ళు మధ్యలో ఆగిపోయారు. ఆ నిశ్శబ్దం చెవిన పడ్డాకే తను ఏం చేశాడో ఆయనకు తెలిసింది.

అన్న లేచి వెళ్ళిపోలేదు. తన వంతు ప్రార్థన ముగించి, చివరి పాట మొత్తం ఒక్క పదం తప్పకుండా పాడాడు. చెప్పులు వేసుకుని వెళ్ళాడు.

మర్నాటి నుంచి సంఘమంతా ఇస్త్రీ కొట్టుకు దారి పట్టింది. ఒకరు వాక్యం చెప్పారు, ఒకరు ఉపవాసం ఉండమన్నారు. పాస్టరుగారు ఎంతో ప్రేమగా, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి, పాటలు పిల్లలు చూసుకుంటారు" అన్నారు. మేస్త్రి ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాడు. "అయ్యా, ఆయనకు మిగిలింది ఆ పాటే." పాస్టరుగారు భుజం తట్టారు. "ఆయన మంచికే కదా. నువ్వు కూడా ప్రార్థన చెయ్యి."

తరువాత కూడికకు అన్న రాలేదు. ఎవరో కుడిపక్క కుర్చీలోకి జరగబోతే మేస్త్రి దానిమీద చెయ్యి పెట్టాడు. తన వంతు వచ్చింది. అందరూ కళ్ళు మూసుకుని ఎదురుచూశారు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. కాసేపటికి ఆయన ఎడంపక్క ముసలమ్మే జాలిపడి "ఆమేన్" అంది.

అక్కణ్ణుంచి తిన్నగా కొట్టుకు వెళ్ళాడు. అన్న బల్లమీద చొక్కా కాలరు నొక్కుతున్నాడు.

"అన్నా, నేను దేవుడితో చెప్పాననుకున్నాను."

"దేవుడికి వినపడాలంటే అంత గట్టిగా అరవాలా?"

మేస్త్రి స్టూలు మీద కూర్చున్నాడు. ఇస్త్రీపెట్టె చుయ్యిమంది.

"లోపల ప్రార్థన చేస్తున్నావా?" అన్న తలెత్తకుండానే అడిగాడు.

"అవును."

"ఆపు."

"ఆపడం రావట్లేదన్నా. ఇంకోటి చెయ్యడం నాకు తెలీదు."

అన్న చొక్కా మడిచి పక్కన పెట్టి, తీగ మీంచి దుప్పటి లాగాడు. మేస్త్రి సగం లేచాడు. అన్న అటు చూడనే లేదు. అంచును గడ్డం కింద నొక్కుకుని, చేతులు బారచాపి, ఒక్కడే కొసలు కలపబోయాడు. వీధి గాలికి ఆ కొస చేతికి చిక్కకుండా ఎగిరి బల్లకు తగులుతోంది. మేస్త్రి పట్టుకోబోయి, ఆగాడు.

అన్న కళ్ళతోనే తలుపు చూపించాడు. దగ్గరికి వెయ్యమని.

మేస్త్రి వెళ్ళి తలుపు మీద చెయ్యి వేశాడు. బయటికి వెళ్ళి వెయ్యాలో, లోపలే ఉండి వెయ్యాలో తెలియలేదు. అడుగుదామని వెనక్కి తిరిగాడు. అన్న గడ్డం కింద దుప్పటి ఉంది. నోరు తెరిస్తే జారిపోతుంది.

మేస్త్రి లోపలే నిలబడి తలుపు వేశాడు.