మా వాకిట్లో కేకు

కేకు చేయడం నాకు అనంతపురంలో ఒక హాస్టలు వంటింట్లో అబ్బింది. పెళ్లికి ముందు అక్కడ వంటపనికి ఉండేదాన్ని. ఆ వంటిల్లు చూసుకునే పెద్దామె పెద్ద దబరలో ఇసుక పోసి, పొయ్యి మీద బాగా కాగనిచ్చి, అందులో పిండి గిన్నె దించి, మూత మీద నిప్పులు పరిచేది. క్రిస్మస్‌కు హాస్టలు పిల్లలందరికీ కేకు ఆ దబరలోంచే వచ్చేది. నన్నెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. గిన్నెలు తోముతూ ఓ కన్ను అటు వేసి నేర్చుకున్నాను.

పెళ్లయి తనకల్లు దగ్గర ఒక పల్లెకు వచ్చాను. ఊరికి ఎడంగా ఉన్న ఎస్సీ కాలనీ మాది, చర్చికి పోయే ఇళ్లు. మా ఆయన, మా అత్త ఊళ్లో పెద్ద వీధిలో ఉండే పెద్ద కులాల వాళ్ల చేలల్లో కూలికి పోయేవాళ్లు, వాళ్ల వెంట నేనూ పోయేదాన్ని. మొదటి క్రిస్మస్‌కు కేకు చేస్తానంటే మా అత్త మూతి విరిచింది. డాల్డా దొరకలేదు. గిన్నెకు వేరుశనగ నూనె రాసి, పిండిలోనూ అదే పోశాను. మా జిల్లాలో ఇంకేం నూనె ఉంటుంది? మూత తీస్తే గానుగ దగ్గర నిలబడ్డట్టు వాసన. నాకు సిగ్గేసింది గానీ కాలనీ వాళ్లు గిన్నె అడుగు కూడా గీకి తిన్నారు. మరుసటిసారి నూనె మానకపోగా, దోరగా వేయించిన వేరుశనగ పప్పులు కూడా దంచి కలిపాను.

రెండు వేల సంవత్సరం దాటాక వానలు మొహం చాటేశాయి. చేలల్లో పని లేదు. ఒక రోజు కేకు ఒకటి గుడ్డలో కట్టుకుని తనకల్లుకు పోయి బేకరీ ఆయన ముందు పెట్టాను. ఆయన కన్నడ దేశం నుంచి వచ్చి అంగడి పెట్టినవాడు. ఒక ముక్క తిన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు.

"బాగుండాదమ్మా. వారం వారం తెచ్చియ్యి. అయితే ఒక మాట. యా ఊరు, యా వీధి అని ఎవురడిగినా చెప్పొద్దు. తెలిసిందంటే నేను అంగట్లో కూచోని ఈగలు తోలుకోవాల" అన్నాడు.

ఒప్పుకున్నాను. కడుపు మాడుతుంటే పేరు ఎవరికి కావాలి? నా కేకులు ఆయన పెట్టెల్లోకి ఎక్కి, బస్సులో మా ఊరికే తిరిగి వచ్చేవి. పెద్ద వీధిలో ఎవరింట్లో పుట్టినరోజైనా ఆ పెట్టె కనిపించేది.

ఒకసారి పెద్ద వీధిలో ఒక ఆసామి ఇంటికి వేరుశనగ కాయలు వొలవడానికి పోయాం. ఆ రోజు వాళ్లింట్లో ఎవరిదో పుట్టినరోజు. సాయంత్రం ఆసామి భార్య మిగిలిన కేకు పళ్లెంలో వేసుకుని అరుగు మీదికి వచ్చింది. మేం కింద నిలబడి కొంగులు పట్టాం. ఆమె చెయ్యి తగలకుండా పైనుంచి ఒక్కో ముక్క వదిలింది.

"తినండి మే, బేకరీది. మీరు యాడ తినింటారు" అంది.

నా కేకు నా కొంగులో పడింది. పక్కనున్న ఆడవాళ్లకు సంగతి తెలుసు. వాళ్లు నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఇంటికి పోయే దారిలో ఆ ముక్కను ఒక మేకకు పెట్టేశాను.

ఆ కోపం చల్లారకముందే బేకరీ ఆయన ఇంట్లో ఎవరో చనిపోయారని అంగడి మూసి తన ఊరికి పోయాడు. ఆసామి భార్య తన మనవడి మొదటి పుట్టినరోజుకు అప్పటికే పెద్ద కేకు చెప్పి ఉంది. పోయే తొందరలో ఆయన ఆమెకు కబురు పెట్టాడు, కేకులు చేసేది మీ ఊరి కాలనీలోనే, ఆమెనే అడగండి అని. అంతవరకు దాచమన్న మనిషే అట్లా బయటపెట్టేశాడు.

ఆమె కాలనీ మొదట్లో ఉన్న బోరు దాకా వచ్చి అక్కడే నిలబడి నన్ను పిలిపించింది. ఆ ఏడు ఊరి బావులన్నీ ఎండిపోయాయి. నీళ్లున్నది మా కాలనీ బోరులోనే. పెద్ద వీధి వాళ్లు పొద్దునా సాయంత్రం బిందెలతో అక్కడికే వచ్చేవాళ్లు.

"ఏమ్మే, ఇన్నాళ్లూ ఆ కేకులు చేసింది నువ్వేనంట గదా. సరే, అయిందేదో అయింది. పిండి, చక్కెర, గుడ్లు, పాలు అన్నీ నేనిస్తా. గిన్నె గూడా మాదే. మా దొడ్లో పొయ్యి పెట్టిస్తా. నువ్వొచ్చి చేసి పో. మీ ఇంట్లో మాత్రం వద్దు. మీ నీళ్లు కలపొద్దు" అంది.

"అమ్మా, మీ ఇంట్లో తాగేది ఈ బోరు నీళ్లే గదా" అన్నాను.

"అవి మా బిందెతో మేం పట్టుకునేవి. అది వేరే."

"నాకు వేరే కాదమ్మా. కేకు కావాలంటే మా ఇంట్లోనే చేస్తా. మా కడవలో నీళ్లతోనే చేస్తా. మా వాకిట్లోకొచ్చి తీసుకపోండి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. వచ్చిన దారినే వెళ్లిపోయింది. మనవడి పుట్టినరోజు కేకు లేకుండానే జరిగిపోయింది.

మా ఆయన తల పట్టుకున్నాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? రేపట్నుంచి మనల్ని కూలికి ఎవురు పిలుస్తారు?" అన్నాడు. ఆయన భయంలో తప్పు లేదు. మా అత్త ఇంకా నాలుగు ఎక్కువ అంటుందని గుండె దిటవు చేసుకుని కూర్చున్నాను.

"దాన్నేం అనొద్దురా. నేను పుట్టినప్పట్నుంచి కొంగు పట్టి తిన్నా. అది పట్టనంటాంది. పట్టకపోతే పోనీలే" అంది ఆమె.

ఆయన చెప్పినట్టే అయింది. ఆ వీధి నుంచి కూలి పిలుపు ఆగిపోయింది. బేకరీ ఆయన తిరిగొచ్చి, సంగతి అందరికీ తెలిసిపోయింది, నీ కేకులు ఇంక వద్దమ్మా అన్నాడు. మా ఆయన కదిరిలో మూటలు మోసే పనికి కుదిరాడు. నేను ఒక రేకు ముక్క మీద సున్నంతో 'ఇచ్చట కేకులు అమ్మబడును' అని రాసి గుమ్మానికి వేలాడదీశాను. దాని కింద ఇంకో మాట రాశాను. కేకు చెప్పాలంటే ముందు మా వాకిట్లో, మా పళ్లెంలో ఒక ముక్క తినాలి. తినని వాళ్లకు అమ్మను.

"అమ్ముకునేదానివి, ఇన్ని షరతులేందే" అని కాలనీ వాళ్లే నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. పెట్టెలో దాక్కుని పోయే బేరం నాకు వద్దు. తెలిసి తినేవాళ్లు ఎంతమంది ఉంటే అంతమందికే చేస్తాను.

మొదట్లో దినాలు ఊరికే గడిచేవి. కూలికి పోయొచ్చే ఆడవాళ్లు ఒక్కో ముక్క కొనేవాళ్లు. తర్వాత చుట్టుపక్కల పల్లెల చర్చి వాళ్లు, ఆటోల వాళ్లు, గొర్రెలు తోలుకుని పోయేవాళ్లు. కొక్కంటి దారిలో ఉన్న ఒక ఊరి నుంచి పెళ్లి వాళ్లొకరు వచ్చి, పళ్లెం చేతిలోకి తీసుకుని ఇంకో ముక్క పెట్టమని అడిగి మరీ తిన్నారు. దబర చాలక, మా ఆయన రెండు రోజులు పనికి పోకుండా వచ్చి ఇటుకలతో చిన్న బట్టీ కట్టాడు. కంప కట్టెలు అందులో ధాటిగా మండేవి. పెద్ద వీధి నుంచి మాత్రం ఒక్క మనిషీ రాలేదు. నాకు లెక్కలేదని అందరితో అనేదాన్ని. లెక్క ఉండేది.

మరుసటి ఏడు ఒక మిట్టమధ్యాహ్నం ఆ ఆసామి కోడలు వచ్చింది. బోరు దగ్గర ఆగకుండా నేరుగా మా వాకిట్లోకి నడిచి వచ్చింది.

"మా పిల్లోనికి పుట్టినరోజు. కేకు కావాల. మా అత్త పంపించలేదు, నేనే వచ్చినా" అంది.

నేను బోర్డు వైపు చెయ్యి చూపించాను. "చదివినా" అంది. లోపలికి పోయి మేం తినే పళ్లెంలోనే ముక్క పెట్టి తెచ్చాను. బోరు దగ్గర వాళ్ల వీధి ఆడవాళ్లు బిందెలు పక్కన పెట్టి ఇటే చూస్తున్నారు. ఉపవాసమనో, కడుపు బాగలేదనో, ఇంటికి తీసుకపోయి తింటాననో అంటుందనుకున్నాను. ప్రతిదానికీ జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను.

ఆమె మా అరుగు మీద కూర్చుంది. ముక్క మొత్తం నిదానంగా తిని, పళ్లెం పక్కన పెట్టి, వేళ్లు తుడుచుకుంది.

"శెనక్కాయ వాసన బాగుండాది గానీ, తీపి మరీ ఎక్కువైందక్కా. మా వాడు ఇంత తీపి తినడు" అంది.

నాకు సర్రున కోపం వచ్చింది. నా కేకుకు వంక పెడుతుందా అని నోరు తెరిచాను. అంతలోనే తట్టింది. తిండికి వంక పెట్టాలంటే ముందు దాన్ని తినాలి. మా ఇంట్లో వండినదానికి ఆ వీధి నుంచి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు.

"తగ్గిస్తాలే. రేపు ఈ యాళకు వచ్చి తీసుకపో" అన్నాను.