ఆకాశ ఓడకు చింతగింజల మార్కులు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున నేను వంటింట్లో దోసెలు పోస్తుంటే, ముందు గదిలో టీవీ ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చున్న మా మనవరాలు, ఇదేదో మీ కాలం నాటి ఆకాశం సీరియల్ట అమ్మమ్మా, మొత్తం మూడు సీజన్లట, మొదటిది అద్భుతం, రెండోది ఫరవాలేదు, మూడోది ఒట్టి చెత్త అని లోకమంతా తేల్చేసిందట, నువ్వేమంటావు, అని కేకేసి అడిగింది. ఈ రోజుల్లో పిల్లలు దేన్నీ ఊరికే చూడరు, చూసినదానికల్లా వరుస కట్టి ఏది ముందో ఏది వెనకో తేల్చందే వాళ్ళకు తిన్నది అరగదు. నేను గరిటె పట్టుకునే వచ్చి తొంగి చూశాను. నల్లటి ఆకాశంలో బూడిదరంగు ఓడ ఒకటి మెల్లగా తిరుగుతోంది. పెనం మీద దోసె మాడిపోయిందని ఆ వాసనకు గాని తెలియలేదు.

మీలో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఎనభైల మధ్యలో టీవీ అంటే ఒక పెద్ద చెక్కపెట్టె, దానికి బీరువాకున్నట్టు అటూ ఇటూ జరిగే తలుపులు, పైన కుట్టుపూల గుడ్డ, ఆ గుడ్డ మీద ఒక ప్లాస్టిక్ చిలక. నరసరావుపేటలో మా వీధికంతటికీ అలాంటి పెట్టె మా బాబాయి గారింట్లోనే ఉండేది. ఒకే ఆవరణలో మాదొక వాటా, వారిదొక వాటా. బాబాయి ఇంగ్లీషు మాస్టారు. ఇంటి మీద ఇనుప గొట్టానికి కట్టిన యాంటెనా గాలికి పక్కకు తిరిగినప్పుడల్లా, వీధి చివర రేడియోలు బాగుచేసే మామ మేడెక్కి దాన్ని పట్టుకుని తిప్పుతుండేవాడు. మామ అని పిలుపే గాని చుట్టం కాదు. ఆయన నమాజుకు, మేము గుడికి పోయేవాళ్ళం, ఆదివారం పొద్దున మాత్రం అందరం బాబాయి వసారాలో చేరేవాళ్ళం.

సీరియల్ పూర్తిగా ఇంగ్లీషు. భూమి నుంచి బయలుదేరిన ఓడ ఒకటి చీకటిగా ఉన్న గ్రహాల దగ్గరకు పోయి, వెనక వచ్చేవాళ్ళ కోసం దారిదీపాలు పెట్టి వస్తుంటుంది, అదీ కథ. ఇందులో ఒక్క ముక్క కూడా మాలో ఎవరికీ తెలిసేది కాదు, బాబాయి లేకపోతే. ఆయన కుర్చీ టీవీ పక్కన వేసుకుని, సగం మా వైపు, సగం తెర వైపు తిరిగి కూర్చుని, వాళ్ళు రెండు మాటలు అనేలోపు ఈయన నాలుగు మాటల్లో తెలుగు చేసి చెప్పేవారు. ఓడ పెద్దను సర్పంచి అనేవారు, దీపాలు బిగించే కుర్రవాణ్ణి లైన్‌మ్యాన్ అనేవారు. మా మామకు ఆ లైన్‌మ్యాన్ అంటే ప్రాణం, తన వృత్తివాడని.

కథ అయ్యాక అసలు పని మొదలయ్యేది. వసారాలో పరిచినవి మాచర్ల నాపరాళ్ళు, మొత్తం పన్నెండు. ఒక్కో రాయి మీద బాబాయి సుద్దముక్కతో ఒక్కో కథ పేరు రాసేవారు. పిన్ని చింతపండు కొట్టగా మిగిలిన గింజలు మనిషికి ఐదేసి పంచేవారు. ఆ వారం కథ ఎంత నచ్చితే అన్ని గింజలు దాని రాయి మీద వేయాలి, నచ్చకపోతే జేబులో వేసుకుని పోవాలి. పదమూడో కథ వచ్చిన రోజున అన్నిటికంటే తక్కువ గింజలున్న రాయిని తడిగుడ్డతో తుడిచి కొత్త పేరు రాసేవారు. తుడిచే ముందు జరిగే తగాదా అంతా ఇంతా కాదు. ఎదురింటి కిరాణా కొట్టు తాత తనకు నచ్చిన కథ పోతుందని తెలిస్తే ఇంకొకళ్ళ గింజలు అడుక్కుని తెచ్చి మరీ పోసేవాడు. బాబాయి మాత్రం ఒక్క గింజ వేసేవారు కాదు. బాగుందనిపిస్తే చప్పట్లు కొట్టేవారు, బడిలో పిల్లలు పాఠం ఒప్పజెప్పినప్పటిలా, అరచేతులు ఎర్రబడేట్టు. పిన్ని వారమంతా ఆ రాళ్ళ చుట్టూ చీపురు తిప్పుతూ ఊడ్చుకోలేక, "ఏందో ఈయనా ఈయన గింజలూ" అని సణుక్కునేది గాని ఒక్క గింజనూ కదపలేదు.

ఆ ఏడు మిరపకాయల కోతలప్పుడు బాబాయి బడిలో బోర్డు మీద రాస్తూ రాస్తూ పడిపోయారు. పక్షవాతం అన్నారు. గుంటూరులో చూపించి, నెల తర్వాత ఇంటికి తెచ్చారు. కుడి చేయి, కుడి కాలు పోయాయి, మాట పూర్తిగా పోయింది. చెవులు వినపడతాయి, అన్నీ అర్థమవుతాయి, చెప్పడానికే నోరు లేదు, అని డాక్టరు చెబితే అదొక ఓదార్పుగా మేమంతా తలలూపాం. అది ఎంత పెద్ద శిక్షో ఆ వయసులో నాకు తోచలేదు. వసారాలోనే ఆయనకు చెక్క మంచం వేశారు.

మొదటి ఆదివారం మర్యాదకని ఎవరూ రాలేదు. బాబాయి పొద్దున్నుంచీ గేటు వైపే చూస్తూ పడుకున్నారు. ఆ చూపు పడలేక పిన్ని పోయి అందరినీ పిలిచింది, రెండో వారం పదిమంది దాకా వచ్చారు. టీవీ పెట్టారు. ఓడ వచ్చింది, సర్పంచి వచ్చాడు, ఏదో మాట్లాడుకుంటున్నారు, చెప్పేవాళ్ళు లేరు. కాసేపటికి కొట్టు తాత పంచె సర్దుకుని లేచాడు. "అర్తం గాకుండా ఎంతసేపని చూస్తాం రా, మాస్టారి నోటి కోసం వచ్చేవోళ్ళం గాని" అన్నాడు. తప్పుగా అనలేదు పాపం, బాధగానే అన్నాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు లేచారు. బాబాయి కళ్ళు ఒక్కొక్కరి వెంటా గేటు దాకా పోయి మళ్ళీ వెనక్కి వస్తున్నాయి. వీళ్ళు ఈ రోజు పోతే ఇక రారని, ఆయనకు ఆ పైకప్పు దూలాలు తప్ప ఏమీ మిగలదని నాకు తెలిసిపోయింది.

"కూచో తాతా, నేను చెప్తా" అన్నాను.

నేనెవరిని? ఇంటర్‌లో ఇంగ్లీషు పేపరు రెండుసార్లు రాసినదాన్ని. మాస్టారి అన్న కూతురు ఇంగ్లీషులో తప్పిందని బంధువులంతా నవ్వుకున్నదాన్ని. యెస్, నో, గో, కమ్ అన్నవి తప్ప ఆ ఓడవాళ్ళు మాట్లాడే ఇంగ్లీషు నా చెవికి చిక్కేది కాదు. అయినా కుర్చీలో కూర్చుని, బొమ్మ చూసి కథ అల్లి చెప్పేశాను. ఎవరైనా ఏడుస్తుంటే వాళ్ళమ్మ గుర్తొచ్చిందన్నాను, కోపంగా ఉంటే వాటాల తగాదా అన్నాను. సర్పంచి గాజు డబ్బాలో ఏదో చూస్తుంటే నీళ్ళ పరీక్ష అన్నాను. అందరూ నమ్మారు, గింజలు వేశారు. నేను కూడా బాబాయిలాగే సుద్దముక్కతో రాయి మీద పేరు రాశాను.

అలా నాలుగైదు నెలలు అబద్ధాలు చెప్పాను. చెబుతున్నంతసేపూ నా వీపు మీద ఆయన చూపు ఉండేది. పక్కనే మంచం మీద ప్రతి మాటకూ అర్థం తెలిసిన మనిషి ఉన్నాడు, ఆయనకు నోరు లేదు. నోరున్న నాకు ఒక్క మాటా తెలియదు. ఇంతకంటే దిక్కుమాలిన ఏర్పాటు ఏ ఇంట్లోనైనా ఉంటుందా? కథ అయ్యాక ఒకటి రెండుసార్లు భయం భయంగా ఆయన ముఖం చూశాను. సగం ముఖం కదలదు, కదిలే సగంలో నవ్వో కోపమో పోల్చుకోలేకపోయాను. తర్వాత్తర్వాత చూడటం మానేశాను.

ఒక ఆదివారం లైన్‌మ్యాన్ కథ వచ్చింది. చీకటి గ్రహం మీద దీపం బిగించడానికి అతన్ని ఒక్కణ్ణే దింపారు. ఇంతలో దుమ్ము లేచింది, తాడు తెగింది, ఓడ వెళ్ళిపోవలసి వచ్చింది. ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతుందనగా గాలికి మా యాంటెనా తిరిగి తెర నిండా చుక్కలు. మామ మేడ మీదికి పరుగెత్తాడు.

"బొమ్మొచ్చిందా ఏమే?"

"చుక్కలే మామా!"

"ఇప్పుడో?"

"చుక్కలే!"

మాటలు మాత్రం చక్కగా వినబడుతున్నాయి. ఎవరో చాలాసేపు మెల్లగా మాట్లాడారు, విషాదంగా ఏదో వాయించారు, అంతలో సీరియల్ అయిపోయింది. ఆ వాయిద్యం వింటే అతను చచ్చిపోయాడనే నాకు అనిపించింది. మామ చెమటలు కక్కుతూ దిగి వచ్చాడు.

"ఇంతకీ మావోడు బతికాడా లేదా, అది చెప్పమ్మే ముందు" అన్నాడు.

చచ్చిపోయాడని ఎలా చెప్పను? ఎదురుగా మంచం ఉంది. మాట పోయి, తాడు తెగి, ఒంటరిగా పడున్న మనిషి వింటుండగా ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. బతికాడు మామా, చీకట్లోనే తడుముకుంటూ దీపం వెలిగించాడు, దూరం నుంచి ఆ వెలుగు చూసి సర్పంచి ఓడ వెనక్కి తిప్పాడు, వచ్చి తీసుకుపోయారు, అని చెప్పాను.

అప్పుడు మంచం మీద చప్పుడైంది. బాబాయి ఎడమ అరచేత్తో మంచంపట్టెను కొడుతున్నారు. ఒకసారి కాదు, టపా టపా ఆగకుండా, మంచం మొత్తం కదిలేటట్టు. కళ్ళ వెంట నీళ్ళు, గొంతులోంచి ఏదో మూలుగు. పిన్ని పరుగెత్తుకొచ్చి ఆ చేయి పట్టుకుంది. ఆయన విడిపించుకుని మళ్ళీ కొట్టారు. కొట్టు తాత నీళ్ళు తెచ్చాడు, మామ డాక్టరు కోసం సైకిలెక్కాడు. నేను మాత్రం గోడకు ఆనుకుని నిలబడ్డాను, ఎందుకంటే నాకొక్కదానికే సంగతి తెలుసు. ఇన్నాళ్ళూ నా అబద్ధాలు భరించిన మనిషి, చచ్చినవాణ్ణి బతికించేసరికి ఇక తట్టుకోలేకపోయాడు. ఆ రోజు లైన్‌మ్యాన్ కథకు ఎవరూ గింజలు వేయలేదు.

ఆయన్ను ఏ రకంగానూ ఉద్రేకపరచొద్దన్నాడు డాక్టరు. పిన్ని ఆ సాయంత్రమే టీవీ తలుపులు రెండూ జరిపి మూసేసి, పైనుంచి దుప్పటి కప్పింది. రావొద్దని అందరికీ చెప్పించింది. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే నా గుండె మీది బండ దిగినట్టయింది, ఇక అబద్ధాలు చెప్పక్కర్లేదు గదా అని. తర్వాతి ఆదివారం సరిగ్గా ఆ వేళకు, మూసిన పెట్టె వైపు చూస్తూ, బాబాయి మళ్ళీ మంచంపట్టె మీద కొట్టారు. "మళ్ళీ వచ్చింది చూడమ్మే" అని పిన్ని ఏడ్చింది. ఆ పై వారం నెమ్మదిగా కొట్టారు. ఆ తర్వాత కొట్టలేదు. దసరా రాకముందే పోయారు. పదో రోజుకు చుట్టాలొస్తారని వసారా కడిగితే సుద్ద పేర్లన్నీ నీళ్ళలో కలిసిపోయాయి, చింతగింజలు చేటకెత్తి పారబోశారు.

ఇన్నేళ్ళూ ఆ ఓడ పేరు నేను ఎవరి దగ్గరా ఎత్తలేదు. పోయిన నెలలో మనవరాలు పెట్టినప్పుడు కూడా వద్దనే అన్నాను, కాని మనసు ఊరుకోలేదు. ఇప్పుడు అడుగున తెలుగు అక్షరాలు కూడా వస్తున్నాయి, చెప్పేవాళ్ళతో పని లేదు. రోజుకు రెండు చొప్పున మొదటి సీజన్, రెండో సీజన్ చూశాను. నేను వాటాల తగాదా అన్నది తోడబుట్టినవాళ్ళు కలుసుకున్న కథ. నీళ్ళ పరీక్ష అన్నది ఒక పసిబిడ్డకు మందు. ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతూ, పాపం బాబాయి ఎలా భరించారో అనుకుంటూనే చూశాను.

లోకమంతా చెత్త అని తేల్చిన మూడో సీజన్లో నిన్న లైన్‌మ్యాన్ వచ్చాడు. దింపారు, దుమ్ము లేచింది, తాడు తెగింది. అక్కడి నుంచి నేను ఎన్నడూ చూడని బొమ్మ. చీకట్లో రెండు చేతులు తడుముకుంటున్నాయి. దీపం వెలిగింది. ఓడలో సర్పంచి కిటికీ దగ్గరకు వచ్చి చాలాసేపు మెల్లగా ఏదో చెప్పి, ఓడను వెనక్కి తిప్పమన్నాడు. నాకు అప్పుడు విషాదం అనిపించిన ఆ వాయిద్యమే వినిపించింది, అది విషాదం కాదు. వాళ్ళు దిగి అతన్ని ఎత్తుకున్నారు.

నేను చెప్పింది చెప్పినట్టే ఉంది.

అన్ని నెలల్లో ఇంగ్లీషు రాని పిల్ల ఒకే ఒక్కసారి, బొమ్మ కూడా లేకుండా, సరిగ్గా చెప్పింది. వింటున్న మాస్టారికి సంతోషం పట్టలేదు. ఆయన బాగుందనిపిస్తే ఏం చేసేవారో మా వీధిలో అందరికీ తెలుసు, ఒక చేయి పోయిన మనిషి అదెలా చేస్తాడో మాత్రం మాలో ఒక్కరికీ తోచలేదు. ఆయన చప్పట్లు కొడితే నేను టీవీ తలుపులు మూయనిచ్చాను. మరుసటి వారం అడిగినా తెరవలేదు.

ఇప్పుడు అన్నీ ఉన్నాయి. యాంటెనా తిప్పేవాళ్ళు అక్కర్లేదు, బొమ్మ పోదు, కావాలంటే పది క్షణాలు వెనక్కి పోయి మళ్ళీ చూడొచ్చు. ఆ వసారాలో నాపరాళ్ళు తీసేసి నున్నటి టైల్స్ వేశారట, పేట వెళ్ళినవాళ్ళు చెప్పారు. ఈ మాటలన్నీ చెప్పుకోవడానికి పిన్ని లేదు, మామ లేడు, తాత లేడు. నిన్న పక్కనే కూర్చున్న మనవరాలు ఫోన్ చూసుకుంటూ, ఇంతకీ నీ వరుస చెప్పు అమ్మమ్మా, ఏది ఫస్టు, అంది. మూడోది అన్నాను. ఆ చెత్తా, అని పడి పడి నవ్వింది.

తెర మీద లైన్‌మ్యాన్‌ను ఇంకా ఎత్తుకునే ఉన్నారు. నేను కుడి చేయి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ అరచేత్తో సోఫా చెక్క మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. ఆగలేకపోయాను. మనవరాలు ఉలిక్కిపడి లేచి, "ఏమైంది అమ్మమ్మా, ఒంట్లో బాగా లేదా?" అంటూ నా చేయి గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో రిమోట్ అందుకుని టీవీ కట్టేసింది.