రెండు వైపులా అరిగిన పెన్సిలు

శిష్యులు ఆవిడకి పెట్టిన పేరు పెన్సిలమ్మ. విశ్వవిద్యాలయంలో ఆవిడ గది తలుపు మీద అసలు పేరు, దాని వెనక డిగ్రీలు, కింద 'ద్విభాషా విద్య' అన్న మాట ఇత్తడి పలక మీద చెక్కించి పెట్టారు గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్లు పరీక్షల విభాగంలో తప్ప ఇంకెక్కడా లేరు. ముప్పై ఏళ్లుగా ఆవిడ చేసే పని ఒక్కటే. ఒక చివర ఎరుపు, ఇంకో చివర నీలం ఉండే పెన్సిలు పట్టుకుని, చిన్నపిల్లల తరగతి గదిలో వెనక మూల కూర్చోవడం. ఎవరైనా బడి భాషలో నోరు విప్పితే ఎర్రగీత, ఇంటి భాషలో విప్పితే నీలిగీత. అరనిమిషానికో గీత. ఇంత చదువూ చదివింది గీతలు గీయడానికా అని చుట్టాలు ముక్కున వేలేసుకునేవారు. ఆవిడ నవ్వేసి ఊరుకునేది.

ఆ గీతలు ఊరికే పుట్టలేదు. ఆరేళ్లప్పుడు బడిలో చేరిన రోజున ఆవిడకి వచ్చింది ఇంటి భాష ఒక్కటే. తల్లి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది. ఆ ఆవిరి గదిలో దుప్పట్ల మూటల మధ్య పెరిగిన పిల్ల, పొద్దస్తమానం వసపిట్టలా వాగేది. బడిలో టీచరు ఏదో అడిగింది. పిల్లకి అర్థం కాలేదు. మళ్లీ అడిగింది. పిల్ల కళ్లప్పగించి చూస్తూ నిలబడింది. మూడో రోజున హాజరు పుస్తకంలో ఆ పిల్ల పేరు పక్కన 'మూగ' అని రాసేశారు. ఆ టీచరు చెడ్డదేం కాదు. మూగపిల్ల కదా పాపం అని ముందు బల్లలో కూర్చోబెట్టుకుని, ప్రతి మాటా గొంతు చించుకుని చెప్పేది.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం తల్లి బడికి వచ్చింది. ఆమెని చూడగానే ఈ పిల్ల, బల్లలు ఎన్నో, కిటికీలు ఎన్నో, ఎవడు ఎవణ్ని గిల్లాడో, నాలుగు నెలల సంగతులన్నీ ఏకబిగిన చెప్పేసింది. టీచరు చేతిలో సుద్దముక్క జారి కిందపడింది. హాజరు పుస్తకంలో 'మూగ' అన్న మాట మీద అడ్డగీత కొట్టారు గానీ, కొట్టేసినా కింద అక్షరాలు కనిపిస్తూనే ఉండేవి. ఏడాది పొడుగునా హాజరు పిలిచినప్పుడల్లా ఆ పిల్ల చూపు అటే పోయేది. అదీ ఆవిడ పరిశోధనకి మొదలు.

తర్వాత డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, రెండు లావుపాటి పుస్తకాలు వచ్చాయి. వాటిని చదివినవాళ్లకంటే వాటి మీద టీ కప్పు పెట్టినవాళ్లే ఎక్కువని ఆవిడే చెప్పుకునేది. పెళ్లి మాత్రం ఒక టైలరుని చేసుకుంది. వీధి మలుపులో ఆయన దుకాణం. ఆవిడ పెన్సిళ్లన్నీ ఆయనే చెక్కిపెట్టేవాడు, బటన్‌హోల్స్ కోసే సన్నటి బ్లేడుతో. అంత అందంగా చెక్కిన పెన్సిళ్లు ఈ శాస్త్రంలో ఇంకెవరి దగ్గరా లేవని ఆవిడకి లోలోపల గర్వం.

శిష్యులకి ఆవిడ మొదటి పాఠం ఒకటే. "తరగతిలో మీరు బీరువా. బీరువా నవ్వదు, పలకరించదు, దగ్గదు. వారం తిరిగేసరికి పిల్లలు మిమ్మల్ని మర్చిపోవాలి." తాను కూడా ముప్పై ఏళ్లుగా ఈ నియమం తు.చ. తప్పకుండా పాటించింది. ఏ తరగతిలోనూ ఏ పిల్లతోనూ ఒక్క మాట మాట్లాడి ఎరగదు.

రిటైరవడానికి మూడేళ్లు ఉన్నాయనగా, విద్యాశాఖవాళ్లు ఆవిడ మాట విని ఒక బడిలో రెండో తరగతిని రెండు భాషల్లో నడపడానికి ఒప్పుకున్నారు. ఒకే ఒక్క తరగతి, ఇరవై ఆరుమంది పిల్లలు. రెండేళ్లు చూస్తాం, ఆధారం చూపిస్తే ఉంచుతాం, పైగా ఒకటో తరగతి నుంచే మొదలుపెడతాం, లేకపోతే మూసేస్తాం అన్నారు. మూసేస్తే మళ్లీ ఎవరూ తెరవరని ఆవిడకి తెలుసు. ఇంటి భాష ఒక్కటే వచ్చిన పిల్లలు మళ్లీ నోరు కుట్టుకుని కూర్చుంటారు.

రెండో ఏడు చివర ఎనిమిది వారాలు ఆవిడ వెళ్లి గీతలు గీసింది. ఫలితం చూసి ఆవిడే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంది. మామూలుగా ఎక్కడైనా నీలం తగ్గిపోతుంది, ఎరుపు మింగేస్తుంది. ఇక్కడ రెండూ సగం సగం. ఒక్కరోజు కాదు, మొదటి రెండు మూడు రోజులు తప్ప ఎనిమిది వారాలూ. నివేదిక రాసి పంపింది. విద్యాధికారి స్వయంగా ఫోను చేసి, "నలభై ఒకటో పేజీలో పటం చూశానమ్మా, చాలా బాగుంది, శుక్రవారం మీటింగులో ఖాయం చేసేద్దాం" అన్నాడు. ఆ పూట ఆవిడ కాళ్లు నేల మీద నిలవలేదు.

బుధవారం సాయంత్రం టైలరు దుకాణంలో ఆ ఎనిమిది వారాల పెన్సిళ్లని బల్ల మీద వరసగా పేర్చి టేపు పెట్టి కొలిచాడు.

"ఏమోయ్, ఇవన్నీ రెండు వైపులా సరిగ్గా ఒకేలా అరిగాయి," అన్నాడు.

"అదేనండీ నా ఫలితం."

"అది కాదు. నలభై ఏళ్లుగా చొక్కాలకి కొలతలు తీస్తున్నాను. రెండు భుజాలూ సమానంగా ఉన్న మనిషి ఒక్కడూ తగల్లేదు నాకు. ఇరవై ఆరుమంది పిల్లలు ఇంత సమానంగా ఎలా మాట్లాడతారు?"

"మీకు చొక్కాల సంగతి తెలుసు. పిల్లల సంగతి నాకు తెలుసు," అని ఆవిడ విసురుగా లేచి వెళ్లిపోయింది. వెళ్లిందే గానీ ఆ మాట చెప్పులో రాయిలా కలుక్కుమంటూనే ఉంది. ఎందుకంటే అది ఆవిడకి కూడా ఎప్పుడో తట్టింది. ఫలితం ముద్దొచ్చి పక్కకి నెట్టేసింది, అంతే.

గురువారం పొద్దున్నే రెండు పెన్సిళ్లు సంచీలో వేసుకుని బడికి వెళ్లింది. ఒకదానికి ఎరుపు బాగా అరిగిపోయి బొటనవేలంత మిగిలింది. రెండోదానికి నీలం అలా అరిగింది. రెండూ తనే చెక్కింది, అష్టవంకరలుగా. మొదటిది అందరికీ కనిపించేలా పట్టుకుని మూల కూర్చుంది. ముందు బల్లలో ముందుపళ్లు రెండూ ఊడిన ఒక పిల్ల వెనక్కి తిరిగి ఒకసారి చూసింది. ఎడమ జడ తీసి ముందుకేసుకుంది. అంతే, గది గదంతా ఇంటి భాషలోకి దిగింది. లెక్కలూ అందులోనే, పోట్లాటలూ అందులోనే. గంట తర్వాత ఆవిడ పెన్సిలు మార్చింది. ఆ పిల్ల చూసింది. ఎడమ జడ వెనక్కేసి కుడి జడ ముందుకేసింది. గది మొత్తం బడి భాషలోకి మళ్లింది.

ఆటల గంటలో, ముప్పై ఏళ్లలో మొదటిసారి, బీరువా లేచి వచ్చి ఒక పిల్ల పక్కన కూర్చుంది.

"జడ అలా ఎందుకు మారుస్తున్నావమ్మా?"

పళ్లూడిన పిల్ల ఏమాత్రం తడుముకోలేదు. "మేం ఇంటి భాషలో మాట్లాడితే మీరు నీలం గీస్తారు కదా. మొదట్లో ఎరుపే అరిగేది. పాపం నీలం అలాగే ఉండిపోయేది. మీరు దాన్ని చూసి దిగులుగా ఉండేవాళ్లు. అందుకని రెండూ సమానంగా అరిగేలా మాట్లాడదామని అందరం అనుకున్నాం. ఎప్పుడు ఏ భాషో నా జడ చూసి తెలుసుకుంటారు."

"నేను ఏం గీస్తున్నానో ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి? రోజూ కనిపిస్తూనే ఉన్నారు కదా. మీకన్నా చూడ్డానికి ఇంకేం ఉంది ఆ మూల?" అని, ఇంకో సంగతి గుర్తొచ్చి, "మా తమ్ముడు వచ్చే ఏడు బడిలో చేరతాడు. వాడికి ఇంటి భాష ఒక్కటే వచ్చు. వాడి తరగతికి కూడా మీరు వస్తారా?" అంది.

ఆవిడ పిల్ల తల నిమిరి లేచింది.

నేరుగా దుకాణానికి వెళ్లి కుట్టు మిషను పక్కన ముక్కాలిపీట మీద కూలబడింది. జరిగింది విని టైలరు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. "ముప్పై ఏళ్లు నన్ను బీరువా అనుకుంటున్నారనుకున్నాను," అంది ఆవిడ.

"చెప్పకపోతే ఏమవుతుంది?" అన్నాడు, నవ్వు ఆపుకుని.

"తరగతి ఉంటుంది. ఆ పిల్ల తమ్ముడు గట్టెక్కుతాడు."

"చెబితే?"

"ఏమో. మూసెయ్యొచ్చు."

ఆయన గుడ్డ మీద సుద్దతో గీసిన గీతకి టేపు ఆనించాడు. "తప్పుడు కొలతతో కుట్టిన చొక్కా మొదటి ఉతుకులోనే బయటపడుతుంది. అప్పుడు ఈ ఒక్క తరగతే కాదు, నీ రెండు పుస్తకాలూ ఎవరూ నమ్మరు. ఆ తర్వాత నీ ఇష్టం."

శుక్రవారం మీటింగులో పొడవాటి బల్ల చుట్టూ తొమ్మిదిమంది కూర్చున్నారు. అధికారి సంతకం పెట్టడానికి పెన్ను మూత కూడా తీశాడు. ఆవిడ లేచి నిలబడింది. "నలభై నుంచి నలభై ఆరు దాకా పేజీలు చింపేయండి సార్. ఆ లెక్కలు నావి కావు, పిల్లలవి," అని మొదలుపెట్టి జడల సంగతంతా చెప్పింది. ఒకాయన కిసుక్కున నవ్వాడు. అధికారి నవ్వలేదు. పెన్ను మూత పెట్టేశాడు.

"అంటే మీ దగ్గర ఆధారం లేదన్నమాట."

"లెక్కలు లేవు సార్. పిల్లలున్నారు. ఒక్క పూట వచ్చి కూర్చోండి."

"నాకు ఆ ఇంటి భాష రాదు కదమ్మా."

"అందుకే రమ్మంటున్నాను," అంది ఆవిడ. అలా ఎందుకన్నదో ఆ క్షణంలో ఆవిడకే సరిగా తెలియదు.

సోమవారం అధికారి వచ్చాడు. ముఖం ముడుచుకునే వచ్చాడు. అంతంత చిన్న కుర్చీలో ఆయన మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. టీచరు ఇంటి భాషలో ఏదో కథ చెబుతోంది. పిల్లలు విరగబడి నవ్వుతున్నారు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాక, కళ్లప్పగించి చూస్తున్నాడు. ఆ చూపు పెన్సిలమ్మకి బాగా తెలిసిన చూపే. పళ్లూడిన పిల్ల వెనక్కి తిరిగి ఆయన్ని కాసేపు చూసింది. ఏ జడా ముట్టుకోలేదు. లేచి వచ్చి ఆయన పక్కన నిలబడి, టీచరు చెప్పే ప్రతి వాక్యాన్నీ బడి భాషలో ఆయన చెవిలో చెప్పడం మొదలుపెట్టింది. ఆమె అలసిపోతే ఇంకో పిల్లాడు వచ్చాడు. తర్వాత ఇంకో పిల్ల. ఆయన నవ్వాల్సిన చోట ఆలస్యంగానైనా నవ్వాడు. కథ అయ్యాక ఆయన ఒక ప్రశ్న అడిగితే, దాన్ని అదే పిల్ల ఇంటి భాషలోకి మార్చి, బడి భాష సరిగా రాని కొత్త కుర్రాడికి చెప్పింది, వాడి జవాబు తెచ్చి ఈయనకి చెప్పింది.

"ఎవరమ్మా నీకు ఇలా చెప్పమన్నది?" అన్నాడు అధికారి.

"ఎవరూ చెప్పలేదు. మీకు ఒకటే వచ్చు కదా, పాపం," అంది ఆ పిల్ల.

మూల కూర్చున్న పెన్సిలమ్మ పెన్సిలు పట్టుకుంది గానీ ఒక్క గీతా గీయలేదు. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అధికారి గేటు దగ్గర ఆగి, "మా ఆఫీసులో ఇంత బుర్ర ఉన్నవాళ్లు ఇద్దరు దొరికితే చాలు నాకు," అన్నాడు. వారం తిరక్కుండా ఉత్తరువు వచ్చింది. కొత్త ఏడు ఒకటో తరగతి నుంచే రెండు భాషలూ.

బడి తెరిచిన రోజున ఆవిడ వెళ్లింది. చేతిలో పెన్సిలు లేదు. పళ్లు మొలిచిన అక్క ఒక బుడతణ్ని చెయ్యి పట్టుకుని ఒకటో తరగతి గుమ్మం దాకా తెచ్చి వదిలింది. టీచరు బడి భాషలో పేరు అడిగింది. వాడు మాట్లాడలేదు. మళ్లీ అడిగింది. వాడు కళ్లప్పగించి చూస్తూ నిలబడ్డాడు. వెనక మూల కూర్చున్న ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. టీచరు వంగి ఇంటి భాషలో అడిగింది. వాడు పేరు చెప్పి, అక్క పేరు చెప్పి, దారిలో కుక్క తరిమిన సంగతి చెప్పి, కుక్క రంగు చెప్పి, ఇంకా చెబుతూనే ఉన్నాడు.

టీచరు హాజరు పుస్తకంలో వాడి పేరు పక్కన ఏదో రాసింది. గంట కొట్టి పిల్లలంతా బయటికి పోయాక, పెన్సిలమ్మ బల్ల దగ్గరికి వెళ్లి, కళ్లజోడు తుడుచుకుని ఆ గడిలోకి చూసింది. 'బాగా మాట్లాడతాడు' అని ఉంది. ఆవిడ అక్కడే, ఆ చిన్న బల్ల మీద తల వాల్చి, హాయిగా ఏడ్చింది.